రాణి కొంగు పట్టిన చోటే ఇంటర్వెల్

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, మాఘమాసపు పెళ్లిళ్లు జోరుగా నడుస్తున్న రోజుల్లో, నన్ను భువనగిరి నుంచి అచ్చంపేటకు బదిలీ చేశారు. బదిలీ అనగానే సర్కారు కొలువు అనుకోవద్దు. నేను సినిమా హాలు మేనేజరును. మా యజమానికి రెండు హాళ్లుండేవి. ఒకదాంట్లో పనికిరాని సామానును రెండోదానికి పంపడం ఆయన అలవాటు. ఆ ప్రకారం కొన్ని పాత కుర్చీలు, ఒక కూలరు, నేను ఒకే డీసీఎం వ్యానులో వచ్చి అచ్చంపేటలో దిగాం.

పంపే ముందు ఆయన సంగతి సూటిగానే చెప్పారు. హాలున్న జాగా మంచిది, పెళ్లిళ్లకు కిరాయికి ఇమ్మని చాలామంది అడుగుతున్నారు. రాబోయే సినిమా రెండో వారంలోకి వెళ్తే హాలును హాలుగానే ఉంచుతాను, లేకుంటే కుర్చీలు పీకించి ఫంక్షన్ హాలు చేస్తాను అన్నారు. పీకే కుర్చీల్లో నాదీ ఒకటని విడిగా చెప్పలేదు, నేను విడిగా అడగలేదు. ఆపరేటరు యాదగిరి, గేటు దగ్గరివాళ్లు, ఊడ్చేవాళ్లు, క్యాంటీను నడుపుకునే ఖాజా మియా, ఇంతమంది బతుకు ఆ రెండో వారానికి వేలాడుతూ ఉంది.

రెండో వారం ఎట్లా వస్తుందో చెప్పాలి. ఒకప్పుడు సినిమా అంటే బస్సు మీద వచ్చే రీళ్ల డబ్బాలు. ఇప్పుడు బొమ్మ ముందే వచ్చి మా కంప్యూటరులో కూర్చుంటుంది, దాన్ని తెరిచే తాళం మాత్రం పంపిణీదారు చేతిలో ఉంటుంది. దాన్ని ‘కీ’ అంటాం. శుక్రవారం నుంచి గురువారం దాకా పనిచేసి, తర్వాత చచ్చిపోతుంది. పై శుక్రవారం ఆట వెయ్యాలంటే కొత్త కీ రావాలి. ఆయన పంపకపోతే బొమ్మ మన దగ్గరే ఉంటుంది, మనకు మాత్రం కనపడదు. మన పొయ్యి మీద బిర్యానీ ఉడుకుతుంటే గిన్నెకు తాళం వేసి, తాళంచెవి పొరుగింటివాళ్లు పట్టుకుపోయినట్టు.

వచ్చిన సినిమా ‘పగడాలరాణి’. అచ్చంపేట చుట్టుపట్ల ఊళ్లలో తాతల నాటి నుంచి ఆడుతున్న యక్షగానం అది. మొదటి నుంచి చివరిదాకా పాటల మీదే నడిచే ఆట. రాజు ఎవరి మాటో విని పసికొడుకును అడవిలో వదిలేయిస్తాడు. రాణి వాణ్ని వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతుంది. ఇక్కడివాళ్లకు ప్రతి చరణం నోటికి వచ్చు. మా భువనగిరి వైపు ఈ కథ ఆడరు కాబట్టి నాకు పోస్టరు మీదున్నంత వరకే వచ్చు. పోస్టరు మీద రాణి మూలకు ఉంది, పెరిగి పెద్దవాడైన కొడుకు వేషం కట్టిన పడుచు హీరో నిండుగా ఉన్నాడు.

మొదటిరోజు మ్యాట్నీకి గేటు దగ్గరి నర్సింహ క్యాబినుకు ఉరికొచ్చాడు.

“సార్, ఆడోళ్లందరు కొంగుల బియ్యం ముడేసుకొని వస్తుండ్రు. లోపటికి ఇడ్వాల్నా?”

బయటి తిండి లోపలికి తేకూడదని మా నిబంధన. బియ్యం తిండి కిందికి వస్తుందా అని కాసేపు ఆలోచించాను. ఉడికితే వస్తుంది, ఉడకకపోతే రాదు. పైగా ఖాజా మియా బియ్యం అమ్మడు కాబట్టి అతని వ్యాపారానికి నష్టం లేదు. పంపించమన్నాను. ఎందుకు తెస్తున్నారని అడగాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

ఆట మొదలైంది. అంత కుదురులేని జనాన్ని నేను ఏ హాల్లోనూ చూడలేదు. పాట తెర మీద మొదలుకాకముందే హాల్లో మొదలయ్యేది. ఒకచోట సినిమావాళ్లు రెండు చరణాలు కోసేశారు. బొమ్మ తర్వాతి సీనులోకి వెళ్లిపోయింది, జనం మాత్రం వెనకే ఉండి, మిగిలిన చరణాలు పాడుకుని అప్పుడు వచ్చారు. “మద్దెల ఏది? గా పియానో ఎందుకు?” అని ఒక ముసలాయన మొదటి వరుస నుంచి తెరనే నిలదీశాడు. వెనక బెంచీల్లో హీరో అభిమానులు చించిన కాగితాలు ఒళ్లో పోసుకుని, ఆయన ఎప్పుడొస్తాడా అని ఈలలు నానబెట్టుకుంటున్నారు.

రాణి అడవి దాటి ఒక ఊరి నడిబజారులో కొంగు పట్టి నిలబడింది. అంతే, హాల్లో కుర్చీలు టపటపా మడుచుకున్నాయి. ఆడవాళ్లు లేచి చీకట్లో తెర వైపు నడుస్తున్నారు. నేను క్యాబిను అద్దంలోంచి చూశాను. భువనగిరిలో ఒక హీరో కథలో చచ్చిపోయాడని అభిమానులు తెరను బ్లేడుతో నిలువునా కోసిన ముచ్చట నాకింకా పచ్చిగానే ఉంది. తెర పోతే హాలు పోయినట్టే. “ఆపు, లైట్లెయ్యి” అని యాదగిరి మీద అరిచి కిందికి ఉరికాను.

తెరకు ఏమీ కాలేదు. ఆడవాళ్లు వరుసగా నిలబడి, కొంగు ముడులు విప్పి, తెర కిందున్న సిమెంటు గట్టు మీద బియ్యం పోస్తున్నారు. వరుస ముందర అరవై దాటిన బుచ్చమ్మ ఉంది. ఆ రోజు ట్రాక్టరు మాట్లాడి ఊరి ఆడవాళ్లందరినీ తోలుకొచ్చింది ఆమే. నన్ను చూసి మెచ్చుకోలుగా తల ఊపింది.

“సారూ, మంచిగ ఆపినవ్. సిన్మోళ్లకు ఇగురం లేదనుకున్న. ఉన్నది.”

తెలివిడితో కాదు, భయపడి ఆపానని చెప్పడానికి నోరు రాలేదు. మర్యాద తనంతట తాను వచ్చి పడితే కాదనడం మర్యాద కాదు.

అసలు సంగతి ఆమె చెబితే తెలిసింది. ఆటలో ఈ ఘట్టం రాగానే రాణి మేళం వదిలి జనంలోకి దిగుతుంది. అందరూ ఆమె ఒళ్లో తలా పిడికెడు బియ్యం పోయాలి. ఆఖరి మనిషి పోసేదాకా మద్దెల ఆగదు, కథ కదలదు. “ఉట్టి కొంగుతోటి పోతే కొడుకు ఎట్ల దొరుకుతడు సారూ?” అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

వెనక నుంచి అభిమానుల్లో ఒకడు కేక వేశాడు. “ఓ పెద్దమ్మా, మా హీరో ఎంట్రీ ఉన్నది. గీ బియ్యం కత ఏంది? జర జరుగుండ్రి!”

బుచ్చమ్మ అక్కడి నుంచే జవాబిచ్చింది. “నీ హీరో దొరకాల్నంటే ముందుగాల వాళ్లమ్మ ఒడి నిండాలె బిడ్డా. కూసో.”

వాడు కూర్చున్నాడు. వాడి పక్కవాళ్లు కూర్చోలేదు. ఒళ్లో కాగితాలు అప్పుడే చల్లేసి, మళ్లీ ఏరుకోవడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్నే హైదరాబాదు నుంచి పంపిణీదారు ప్రతినిధి ఫోను చేశాడు. ఇట్లాంటివాడు జిల్లాకు ఒకడుంటాడు, హాళ్లు ఒప్పందం ప్రకారం నడుస్తున్నాయా లేదా చూడటం అతని పని. ఆట ఆగిన వీడియో వాట్సాప్‌లో తిరుగుతోందట. ఒక్క ఇంటర్వెల్ తప్ప సినిమాను మధ్యలో ఆపకూడదు, కోయకూడదు, కలపకూడదు, ఇంకోసారి ఆపితే శుక్రవారం కీ రాదు అన్నాడు. నేను ‘అట్లాగే సార్’ అన్నాను. ఆ మాట వాడినంతగా నా ఉద్యోగంలో ఇంకే పనిముట్టూ వాడలేదు.

ఆ మ్యాట్నీకి ఆపలేదు. రాణి కొంగు పట్టింది, ఆడవాళ్లు లేచారు, రాణి వెళ్లిపోయింది. వెనువెంటనే హీరో గుర్రం మీద దూసుకొచ్చాడు, కాగితాలు ఎగిరాయి. ఆ కాగితాల వానలో ఆడవాళ్లు బియ్యం పట్టుకుని ఎటూ కాకుండా నిలబడిపోయారు. కాసేపు చూసి బయటికి నడిచారు. బయట ఫస్ట్ షోకు నిలబడ్డ లైన్లో బుచ్చమ్మ గట్టిగానే చెప్పింది. “రాణిని ఉట్టి చేతుల తోలిచ్చిండ్రు. పోదాం పాండ్రి.” నా కళ్ల ముందే లైను చెదిరిపోయింది. ఆపితే కీ రాదు, ఆపకపోతే జనం రారు. రెండు దారులూ ఫంక్షన్ హాలుకే పోతున్నాయి.

ఆ సాయంత్రం క్యాబినులో కూర్చోలేక, నిలబడలేక, తలుపు దగ్గరా కిటికీ దగ్గరా తిరుగుతుంటే, ఫోనులో ప్రతినిధి అన్న మాట మళ్లీ చెవిలో పడింది. ఒక్క ఇంటర్వెల్ తప్ప. ఆ ఒక్కటి ఎక్కడ వెయ్యాలో ఆయన చెప్పలేదు.

యాదగిరికి చెబితే తల గోక్కున్నాడు. “సార్, విశ్రాంతి అని కార్డు హీరో పాట అయినంక పడ్తది. అప్పుడేం జెయ్యాలె?”

“పడనీ. కార్డు వాళ్లది, లైటు స్విచ్చి మనది. అక్కడ ఆపకు, రాణి దగ్గర ఆపు.”

ఆదివారం నుంచి అమలు చేశాం. రాణి కొంగు పట్టగానే బొమ్మ ఆగి లైట్లు వెలిగేవి. బియ్యం పోసేవాళ్లు ముందుకు, మిగతావాళ్లు బయటికి. అభిమానులకు హీరో రావడానికి ముందు టీ తాగే వ్యవధి, కాగితాలు చించుకునే వ్యవధి దొరికింది. తీరా అసలు కార్డు పడ్డప్పుడు సగం హాలు అలవాటుకొద్దీ లేచి, లైట్లు రాక, ఒకరినొకరు చూసుకుని కూర్చునేది. దాన్నిబట్టి విశ్రాంతి అని రాసిన చోటల్లా విశ్రాంతి ఉండదని తెలుసుకున్నాను. విశ్రాంత ఉద్యోగినైన తర్వాత అది మరీ బాగా తెలిసింది.

ఖాజా మియా ఒక్కడే ఒప్పుకోలేదు. “ఏంది సాబ్ గిది? చెప్పకుంట చెయ్యకుంట ఇంటర్వెల్ ముందుగాల తెస్తే ఎట్ల? నా సమోసాలు ఇంక కడాయిల ఈతకొడ్తున్నయ్.” రేపటి నుంచి పొయ్యి ముందు వెలిగించమన్నాను. “సిన్మా మీరు మార్చుకుంటరు, పొయ్యి నేను మార్చుకోవాల్నా?” అని సణిగాడు గానీ, మార్చుకున్నాడు.

సోమవారం బుచ్చమ్మ వెంట సాయమ్మ వచ్చింది. మేళంలో ఏళ్ల తరబడి రాణి వేషం కట్టిన మనిషి. ఆమె మోకాళ్ల నొప్పులతో మానేశాక ఆ మేళం పగడాలరాణి ఆడటం తగ్గించేసిందట. బియ్యాన్ని గట్టు మీద పోయడం బుచ్చమ్మకు నచ్చలేదు. మనిషి ఒళ్లో పొయ్యాలి అంది. లైట్లు వెలిగాక సాయమ్మ తెర ముందు నిలబడి కొంగు పట్టింది. వేషం లేదు, మేళం లేదు. జనం పాడమని అరిచారు.

“తెర మీద ఆ పిల్ల పాడింది గద, మల్ల నేనెందుకు? నేను బియ్యం తీస్కపోనీకె వచ్చిన,” అంది.

సినిమా రాణి ఎట్లా చేసిందని తర్వాత అడిగాను. “మంచిగనే ఏడ్చింది సారూ. గని ఏడుసుడు ఏరే, అడుగుడు ఏరే. మైకు ముందల పాడెటోళ్లకు ఎవల్ని అడగాల్నో ఎట్ల తెలుస్తది?” అంది. కోపంగా కాదు, తన పనే చేసే ఇంకో మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

గురువారం ప్రతినిధి స్వయంగా వచ్చాడు. వెంట మా యజమాని కూడా. ఇద్దరినీ బాల్కనీలో కూర్చోబెట్టాను. లైట్లు వెలిగాయి, సాయమ్మ కొంగు పట్టింది, వరుస గేటు దాకా పోయింది.

“ఇది సినిమా హాలా, నాటకమా?” అన్నాడు ప్రతినిధి.

సినిమాకు ఒకటే ఇంటర్వెల్ ఇస్తున్నామని, అందులో కొందరు సమోసాలు తింటారని, కొందరు బియ్యం పోస్తారని విన్నవించుకున్నాను. ఇంటర్వెల్లో ప్రేక్షకులు ఏం చేయాలో ఒప్పందంలో లేదు సార్ అన్నాను. అతను లేచి ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్లాడు. యజమాని నా వైపు తిరగలేదు. కింద వరుసనే చూస్తూ “రేపటి కీ?” అన్నారు. నేను మెట్ల వైపు చూశాను. ప్రతినిధి కీ మాట ఎత్తకుండానే కిందికి దిగి కారెక్కాడు.

శుక్రవారం మార్నింగ్ షోకు జనం వచ్చారు, కీ రాలేదు. కంప్యూటరు మీద తాళం బొమ్మ కదలకుండా కూర్చుంది. యాదగిరి దాన్ని నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టి, వేలు మార్చాడు. ఖాజా మియా వచ్చి నూనె పొయ్యాల్నా వద్దా అని అడిగాడు. పొయ్యమన్నాను, ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. టికెట్లు ఇవ్వమని చెప్పలేను, ఇవ్వొద్దని చెప్పలేను. గేటు సందులోంచి బుచ్చమ్మ గొంతు వినిపించింది. “ఏం సారూ, రాణి ఇంక నిద్ర లేవలేదా?”

ఆట వేళ దాటుతుండగా యాదగిరి పైనుంచి అరిచాడు. “వచ్చింది సార్, తెరుసుకుంది!” వెంటనే ప్రతినిధి ఫోను. “ఇంటర్వెల్ ఎక్కడ వేస్తున్నారో నేను అడగలేదు, మీరు చెప్పలేదు,” అని పెట్టేశాడు. నేనూ అట్లాగే సార్ అన్నాను.

సినిమా రెండో వారం ఆడింది. యజమాని మాట నిలబెట్టుకున్నారు, కుర్చీలు పీకలేదు. నేను రిటైరయ్యేదాకా అది సినిమా హాలుగానే ఉంది. కరోనా తర్వాత చేతులు మారి ఫంక్షన్ హాలయిందని విన్నాను. దాన్ని ఆపడం ఏ మేనేజరు చేతిలోనూ ఉన్నట్టు లేదు.

ఆ వారం నా పని పద్ధతిని ఒక్క విషయంలో మార్చింది. కొత్త సినిమా మొదటి ఆటకు మేనేజరు క్యాబినులో కూర్చోకూడదు. మొదటి వరుస పక్కన, తెరకు వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి నిలబడాలి. వాళ్లు ఎక్కడ ముందుకు వంగుతారో, ఎక్కడ లేస్తారో గుర్తుపెట్టుకోవాలి. అది బొమ్మ తీసినవాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు. ఆ తర్వాత ఎన్నో మొదటి ఆటలకు అట్లాగే నిలబడ్డాను. ఆ సినిమాల కథలు అడిగితే చెప్పలేను, ఒక్కటీ చూడలేదు. ఎక్కడ లైటు వెయ్యాలో మాత్రం మళ్లీ తప్పలేదు.