గుంత మగ్గంలో ఇంకో పాదం

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. పగలంతా మగ్గం, తర్వాత వంట, బట్టలు, నీళ్లు. భయపడటానికైనా కాస్త తీరిక ఉండాలి కదా, అది నాకెప్పుడూ దొరకలేదు. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ధర్మవరం. నేనూ మా ఆయనా పట్టుచీరలు నేస్తాం. పెళ్లయినప్పటి నుంచీ బాడుగ ఇళ్లే. మగ్గం ఉన్నవాళ్లకు ఇల్లివ్వడానికి అందరూ ఒప్పుకోరు. కాళ్లు పెట్టుకోవడానికి నేలలో గుంత తవ్వాలి. చప్పుడుకు గోడలు అదురుతాయంటారు. ఖాళీ చేయమన్నప్పుడల్లా మగ్గం విప్పి, ఆ గుంత మేమే పూడ్చి, ఇంకో ఇంట్లో మళ్లీ తవ్వుకోవాలి. మా ఆయనకు మోకాళ్లు అరిగిపోయాక, ఇంకొక్క గుంత తవ్వే ఓపిక మా ఇద్దరికీ లేదని తెలిసిపోయింది.

అందుకే గుంత ఉన్న ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే పరుగెత్తాం. చుట్టూ బండలు పేర్చిన గుంత, ఎత్తయిన కప్పు, మంచి వెలుతురు. నేను గుంతలోకి కాళ్లు దించి కూర్చుని చూశాను. మా ఆయన మగ్గం ఎటు తిప్పి పెట్టాలో చూశాడు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, వంటింటికి కిటికీ ఉందో లేదో ఇద్దరమూ చూడలేదని.

పెనుకొండలో మా చిన్నాయన కొడుకు నాగరాజు ఇళ్ల బేరాలు చేయిస్తుంటాడు. ఫోన్ చేసి చెబితే నవ్వాడు.

"ఏమక్కా, ఇల్లు కొంటాండారా, మగ్గానికి పెండ్లిచూపులు చూస్తాండారా?"

"నవ్వింది చాలు గానీ, ఏమేం చూసుకోవల్లో చెప్పురా."

"కాయితాలు నేను చూస్తా. వాన పడినప్పుడు పోయి పైకప్పు చూడు. పక్కింటోళ్లను అడుగు. ఇల్లు ఎవురి పేరు మీదుండాదో ఆ మనిషిని కండ్లారా చూసి మాట్లాడు. కొడుకు చెప్పినాడు, అల్లుడు చెప్పినాడు అని అడ్వాన్స్ ఇచ్చేస్తారు శానామంది. ఆడనే మోసపోతారు."

ఆ ఇల్లు గంగమ్మ అనే ముసలామె పేరు మీద ఉంది. మాతో మాట్లాడింది మాత్రం ఆమె కొడుకు రామాంజి. ఆయన కాపురం హిందూపురంలో. తల్లికి పక్షవాతం వచ్చి తన దగ్గరే మంచం పట్టిందని చెప్పాడు. కాగితాలు చూసుకునే లోపల బాడుగకు ఉండి చూడండి అన్నాడు. మగ్గం తెచ్చి దించాం.

అంచు వేరే రంగులో ఉండే చీరకు ఇద్దరు కూర్చోవాలి. ఒకరు కాలితో చెక్కలు తొక్కుతూ నేస్తుంటే, పక్కనున్నవాళ్లు అంచు దారాన్ని అటూ ఇటూ మోసే నాడె అందిస్తారు. ఒకరోజు మా ఆయన కాగితాల పని మీద పెనుకొండ వెళ్లాడు. చీర ఇచ్చే గడువు దగ్గర పడింది. పని సగం కూడా సాగదని తెలిసీ ఒక్కదాన్నే కూర్చున్నాను. బాగా తెల్లవారింది, వీధిలో పిల్లలు బడికి పోతున్నారు.

నేను కాలు ఎత్తకముందే ఎడమ చెక్క దిగింది.

తాడు వదులైందనుకుని వంగి చూశాను. తాడు బిగువుగానే ఉంది. పిల్లి దూరిందేమోనని చూశాను. ఏమీ లేదు. మళ్లీ నాడె విసిరాను. చెక్క మళ్లీ దిగింది. ఈసారి నా ఎడమ పాదానికి ఇంకో పాదం తగిలింది. వెచ్చగా ఉంది. పగిలిన మడమ గరుకుగా రాసుకుంది.

నిజం చెబుతున్నాను, నాకు మొదట కలిగింది భయం కాదు. హాయి. ఎన్నాళ్లకో నా కాలి బరువు ఇంకొకరు అందుకున్నట్టు అనిపించింది. లేచి బయటికి వచ్చేశాకే భయం వేసింది, ఆ పూట మళ్లీ మగ్గం ముట్టలేదు.

మా ఆయనతో చెబితే "నిద్ర చాలక అట్లయితాండాది నీకు" అన్నాడు. అయినా తాళ్లు మార్చాడు. ఆయన ఉన్నప్పుడు ఏమీ జరగలేదు. నేను ఒక్కదాన్నే కూర్చున్నప్పుడల్లా జరిగింది.

పక్కింటామెను అడిగాను, ఆ ఇంట్లో ఎవరైనా పోయారా అని.

"ఎవురూ పోలేదమ్మా. గంగమ్మవ్వ ఒక్కతే నేసుకుంటా ఉండె. మగ్గం మీదనే పడిపోయింది. ఇప్పుడు కొడుకు దగ్గర బతికే ఉండాది కదా!"

చనిపోయిన మనిషే లేనప్పుడు ఆ పాదం ఎవరిది? ఆ ఇల్లు వద్దనుకుంటే మళ్లీ మగ్గం విప్పాలి, మళ్లీ గుంత తవ్వాలి. నాగరాజు చెప్పింది గుర్తొచ్చి, ముందు ఆ మనిషిని చూద్దామని మా ఆయనను వెంటబెట్టుకుని హిందూపురం వెళ్లాను.

అవ్వ మంచం మీద ఉంది. కుడి పక్క చచ్చుబడిపోయింది. ఎడమ కాలు మాత్రం మంచం చివరి చెక్కను తొక్కుతోంది. తొక్కడం, ఆగడం, మళ్లీ తొక్కడం.

"పగలంతా ఇదే పనమ్మా" అన్నాడు రామాంజి. "నరాలంట. దిండు అడ్డం పెట్టినా తన్నేస్తాది."

నాడె ఇటు నుంచి అటు పోయేంతసేపు ఆగుతోంది ఆ కాలు. ఎన్నాళ్లుగానో మంచం మీదున్న మనిషి మడమ మెత్తబడాలి. అది నా మడమలాగే పగిలి ఉంది.

"అవ్వా, ఇల్లు మాకిచ్చేది నీకు ఇష్టమేనా?" అని అడిగాను.

మాట ముద్దగా వచ్చింది. "గుంత పూడుస్తారా?"

"లేదవ్వా. దాంట్లోనే నేస్తాండాం."

"తెలుసు" అంది. నన్నే చూస్తూ, "ఒక్కదానివే కూచున్నప్పుడు శానా అలిసిపోతాండావు" అంది.

నేను ఒంటరిగా కూర్చుంటానని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రామాంజికే తెలియదు. తిరుగు బస్సులో పెనుకొండ దాటాక మా ఆయన "ఇష్టమనే కదా అర్థం?" అన్నాడు. నేను వంగి నా మడమ తడిమి చూసుకున్నాను.

రిజిస్ట్రార్ ఇంటికే రావడంతో రిజిస్ట్రేషన్ అవ్వ మంచం దగ్గరే జరిగింది. వేలిముద్ర వేశాక, అవ్వ వేలికి అంటిన సిరా నేనే తుడిచాను. అప్పుడు చూశాను, కాలు కదలడం లేదు.

"అబ్బ, ఇన్నాళ్లకు నెమ్మదిగా పడుకునింది" అని రామాంజి సంతోషపడ్డాడు.

ఇల్లు మాదయింది. ఖాళీ చేయమనేవాళ్లు లేరు. వంటింటికి కిటికీ మాత్రం లేదు, ఉక్కపోతలో వండుకుంటున్నాను. అవ్వ ఇంకా బతికే ఉంది. రామాంజికి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాను. ఆ కాలు మళ్లీ కదల్లేదట. ఇక్కడ గుంతలోనూ ఆ రోజు నుంచి ఏమీ లేదు. ఒకటి నరాల జబ్బు, ఇంకొకటి నా అలసట అనుకోవచ్చు. రెండూ ఒక్కసారే ఎలా ఆగిపోయాయో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. ఇల్లొకటే కొన్నామా, ఇంకేమైనా తీసేసుకున్నామా అనేది కూడా తెలియదు.

మా ఆయన లేనప్పుడు ఇప్పటికీ ఎడమ పక్క కాస్త చోటు వదిలే కూర్చుంటాను. చెక్క మాత్రం నా ఒక్కదాని కాలికిందే బరువుగా దిగుతుంది.