గుట్ట మీది దవాఖానాకు జనరేటరు ఎక్కించిన రోజు

మా చెల్లెలు రూతు బూర్గంపాడు అవతల అడవిలో, గుట్ట మీదున్న చిన్న దవాఖానాలో నర్సు. వానాకాలంలో అక్కడ రోజుల తరబడి కరెంటుండదు. టార్చిలైటు వెలుగులో కాన్పులు చేస్తున్నానని చెప్పడంతో, కల్లూరులోని మా చర్చివాళ్లం కలిసి ఒక పాత డీజిల్ జనరేటరు సంపాదించాం. ఇంజన్లు బాగుచేసే పని నాది కాబట్టి దాన్ని తీసుకెళ్లి బిగించే బాధ్యత నాకు అప్పగించారు.

ఉదయం ఆరింటికి బయలుదేరాం. జీపు, దాని వెనక తగిలించిన రెండు చక్రాల ట్రాలీ మా చర్చిలోని సాల్మన్ అన్నవి. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. కిరాయి వద్దు, డీజిల్ పోయిస్తే చాలన్నాడు. ఆ బరువుతో గంటకు నలభై మించి పోలేకపోయాం. పెనుబల్లి, కొత్తగూడెం మీదుగా బూర్గంపాడు చేరేసరికి పది దాటింది. టిఫినూ డీజిలూ అక్కడే చూసుకున్నాం. ఆ తర్వాత దారిలో ఏమీ దొరకవు.

తారు రోడ్డు అయిపోయిన చోట గుట్ట మొదలైంది. సాల్మన్ అన్న జీపు ఆపాడు. "ఫోర్‌వీల్ వెయ్యాలె. దిగి ముందు చక్రాల హబ్బులు తిప్పొస్త."

ఆ హబ్బులు తిప్పితేనే ఇంజను బలం ముందు చక్రాలకూ అందుతుంది. కానీ పైన మబ్బు కమ్ముకుంటోంది. "వాన వచ్చేటట్టుందన్నా, జల్దీ ఎక్కేద్దాం," అన్నాను. ఆయన దిగకుండానే గేరు వేశాడు.

సగం ఎత్తుకు వెళ్లాక వెనక చక్రాలు ఎర్రమట్టిలో ఉన్నచోటే గిర్రున తిరిగాయి. బ్రేకు తొక్కినా బండి మెల్లగా వెనక్కి జారింది. ట్రాలీ అడ్డం తిరిగి లోయవైపు లాగసాగింది.

"దిగు! చక్రం ఎనక రాయి పెట్టు!"

దూకి, చేతికందిన బండరాయిని ట్రాలీ చక్రం వెనక ఆనేలా తోశాను. బండి ఆగింది. అంచు మూడడుగుల దూరంలో ఉంది.

"తప్పు నాదే అన్నా."

"స్టీరింగు నా చేతిలుండె. తప్పు నాది," అన్నాడాయన, బ్రేకు మీద కాలు తీయకుండానే. "హబ్బులు నువ్వే తిప్పు. బండి ముందుకు కదిలినంకనే రాయి తియ్యి."

తిప్పాను. ఆయన గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివరును లాగి, ఫోర్‌వీల్‌లో తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే గేరు వేశాడు. నాలుగు చక్రాలకూ పట్టు దొరికింది. నేను పక్కన నడుస్తుంటే, బండి నా నడక వేగంతోనే పైకెక్కింది.

ఒంటిగంటకు చేరాం. "గింత ఆలస్యమైందేంది?" అని రూతు అడిగింది. "దారి బాగలేదమ్మా," అన్నాడు సాల్మన్ అన్న. నా సంగతి ఎత్తలేదు. సాయంత్రం నాలుగింటికి కాన్పుల గదిలో బల్బు వెలిగింది.

ఫోర్‌వీల్ ఎట్లా పనిచేస్తుందో విప్పి చూపించగలను. ఎప్పుడు వెయ్యాలో తెలిసిన మనిషి మాటను మాత్రం రెండు నిమిషాల కోసం కాదన్నాను. ట్రాలీతో ఇలాంటి దారికి వెళ్లేవాళ్లు ఎత్తు మొదలు కాకముందే, చదును నేల మీద ఆగి ఫోర్‌వీల్ వేసుకోండి. తిరిగి తారు రోడ్డెక్కగానే తీసేయండి.