రైలింగు దగ్గర వదులు చేసిన కట్టు

2018, ఆగస్టు. నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సింగ్ సూపరింటెండెంటును. సర్వీసులో అది ముప్పై మూడో ఏడు. ఆ ఉదయం మగవాళ్ల మెడికల్ వార్డులో చూసింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోలయ్యకు అరవై రెండేళ్లు. ఇందుకూరుపేట మండలంలో సముద్రపు ఒడ్డు పల్లె. చేపల వేటే బతుకు. రక్తంలో సోడియం బాగా తగ్గి, మతి తప్పి ఉన్నాడు. ఎడమ చేతికి సెలైన్ పెడితే కుడి చేత్తో పీకేస్తున్నాడు. అందుకని కుడి మణికట్టును బ్యాండేజీ గుడ్డతో మంచం రైలింగుకు కట్టేశారు. దీన్ని మేము రెస్ట్రెయింట్ అంటాం. రోగి తనకు తాను హాని చేసుకోకుండా కాసేపు కదలిక ఆపడం. వేరే దారి లేనప్పుడే చేయాల్సిన పని అది.

నేను రౌండుకు వెళ్లేసరికి ఆ చెయ్యి ఉబ్బిపోయి, గోళ్లు నీలంగా ఉన్నాయి.

"ఎప్పుడు విప్పారు?"

"లూజ్ చేస్తానే ఉండాం మేడమ్," అంది డ్యూటీ నర్సు.

"ఎక్కడ?"

రైలింగు వైపు ముడి చూపించింది.

అక్కడ వదులు చేస్తే గుడ్డ పొడవు పెరుగుతుంది, అంతే. మణికట్టుకు వేసింది జారుముడి. దొరికిన కాస్త జాగాలో ఆయన గుంజిన ప్రతిసారీ అది ఇంకా బిగుసుకుంది.

ట్రైనింగు పిల్లలకు నేను ఏటా ఈ ఇంగ్లీషు మాటలు విడమరిచి చెప్పేదాన్ని. లూజ్ అంటే వదులుగా ఉండడం. లూజన్ అంటే బిగువు తగ్గించడం, కట్టు మాత్రం అలాగే ఉంటుంది. అన్‌టై అంటే ముడి విప్పడం. రిలీజ్ అంటే పట్టు పూర్తిగా వదిలేయడం. వార్డులో రిలీజ్ అంటే కట్టు తీసి, చెయ్యి ఆడించి, రంగూ వెచ్చదనం స్పర్శా చూసి, మళ్లీ కట్టాలా వద్దా అని ఆలోచించడం. రిలీఫ్ అంటే ఉపశమనం, అది కలగాల్సింది రోగికి, మనకు కాదు. ఇంత చెప్పినా వీళ్లు లూజ్ దగ్గరే ఆగిపోయారు.

కత్తెర తీసుకుని కట్టు కోసేశాను. ఆయన భార్య మస్తానమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"చెయ్యి నల్లబడతా ఉండాదని పొద్దున్నే చెప్పినానమ్మా. ముడి ముట్టుకోబోతే నా మీద కస్సుమన్నారు. నేను మనిషిని కాదా ఏంది?"

"అసలు ఆ చేత్తో ఏం చేయాలని చూస్తున్నాడమ్మా?"

"వల లాగతా ఉండాడు, ఇంకేం చేస్తాడు? ఆ సెలైన్ గొట్టం ఆయనకి తాడల్లే తగల్తా ఉండాది."

లేచి, తన తువ్వాలు మెలిపెట్టి ఒక కొస ఆయన చేతిలో పెట్టింది. రెండో కొస తను పట్టుకుంది. ఆయన ఉబ్బిన వేళ్లతోనే మెల్లగా లాగసాగాడు.

"లాగు, లాగు. ఈ పూటన్నా నాలుగు చేపలు తెస్తావేమో చూస్తా!"

పక్క మంచాల వాళ్లు నవ్వారు. పోలయ్య మళ్లీ గొట్టం జోలికి పోలేదు.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. "ఆయన గుంజుకోబట్టే వాచిందని ఇంటివాళ్లకు చెప్పండి మేడమ్. కొంచెం రిలాక్స్ అవ్వండి."

"గుంజుతాడనే కదా కట్టింది? గుంజితే బిగిసే ముడి వేసింది మనమే."

మస్తానమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మేనేజరు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. నాకేమీ లోటు కాలేదు.

నెల తర్వాత పోలయ్య చెకప్‌కు వచ్చాడు. మతి కుదురుకుంది. తాడు లాగగలడు. కానీ కుడి బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ తిరిగి రాలేదు.

"తెగిన వల అల్లలేకుండా ఉండాను మేడమ్. నూలు వేళ్ల మధ్యన ఉండాదో జారిపోయిందో తెలవడంలా," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నాకుంది.

రిటైరయ్యేదాకా నా వార్డుల్లో "లూజ్ చేశాం" అన్న జవాబు నేను ఒప్పుకోలేదు. విప్పారా, చెయ్యి పట్టుకుని చూశారా అని అడిగాను. అంతకంటే ముందు, కట్టేటప్పుడు ఆ మనిషి తాలూకు వాళ్లను ఏమడిగారో చెప్పమన్నాను. మస్తానమ్మ పొద్దుటి నుంచీ మంచం పక్కనే ఉంది. ఆమెను ఒక్కరూ అడగలేదు.