ఔననని సారు

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి హనుమంతరాయుడు ఎవరి మాటకూ ఔననలేదు. అనంతపురంలో ఒక లా కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. "ఎండ మండిపోతాండాది సార్" అంటే, "ఇదేం ఎండప్పా, గుంతకల్లుకు పోయి చూడు" అనేవాడు. పోనీలే అని "ఆడే ఎక్కువ సార్" అంటే, "ఎవరు చెప్పినారు?" అని మళ్లీ మొదలు. ఇంట్లో భార్య వెంకటలక్ష్మమ్మ అన్నానికి పిలిస్తే ఆకలి లేదని వాదించేవాడు. ఆమె గిన్నెలు సర్దేస్తే ఆకలుందని వాదించేవాడు.

2003లో కాలేజీలో మూట్ కోర్టు పోటీ పెట్టారు. కేసు ఉత్తుత్తిదే, వాదన మాత్రం నిజం లాయర్లలా సాగాలి. వేరుశనగ విత్తనాలు మొలవలేదని రైతు, వాన పడలేదని కంపెనీ, తీర్పు చెప్పడానికి బయటి నుంచి వచ్చే ఒక ఆర్బిట్రేటరు.

"రైతు తరఫున సందీప్‌ను పెడదాం. ఎస్తేరుకు నలుగురిలో నోరు పెగలదు" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఎందుకు పెగలదు? ఎస్తేరే వాదిస్తాది."

ఈయనతో పెట్టుకునే ఓపిక లేక ప్రిన్సిపాల్ సరేనన్నాడు. నల్లమాడ నుంచి వచ్చి చదువుకుంటున్న ఎస్తేరుకు మాత్రం ఏడుపొచ్చింది. ఈసారీ మాట రాకపోతే నల్లకోటు ఆశ వదులుకుని ఊరికి వెళ్లిపోదామనుకుంది.

రోజూ సాయంత్రం సారే కంపెనీ లాయరై ఆమెను సతాయించేవాడు.

"వాన రాలేదు."

"వచ్చింది సార్!"

"వచ్చింటే విత్తనాలు కుళ్లిపోయింటాయి!"

ఎస్తేరుకు ఒళ్లు మండేది. భయం కూడా మరిచిపోయి అరిచేది.

తీరా పోటీ రోజు "గౌరవనీయులైన..." అని, అక్కడే ఆగిపోయింది. చూసి చూసి ఆర్బిట్రేటరు జాలిపడ్డాడు. "పర్లేదమ్మా, కూర్చో. మీ కేసులో బలం లేనట్టుంది."

వెనక వరసలోంచి సారు లేచాడు. "మీరన్నది నిజం సార్! ఆ కేసులో పసే లేదు. కూర్చోబెట్టండి!"

హనుమంతరాయుడు ఒకరి మాటకు ఔనన్నాడు! ప్రిన్సిపాల్ తనను తాను గిల్లుకున్నాడు. ఎస్తేరుకు మాత్రం రోజూ సాయంత్రం వచ్చే కోపమే వచ్చింది.

"యాల కూర్చోవల్ల సార్? కూర్చోను! వానొచ్చింది! పక్క చేన్లో ఇంటి విత్తనం మొలిచింది, వీళ్లది మొలవలేదు. వానేమన్నా కంపెనీ పేరు చూసి తప్పుకొని పోయిందా?"

హాలు గొల్లుమంది. ఆ తర్వాత గంట కొట్టినా ఆమె ఆగలేదు. రైతే గెలిచాడు.

క్యాంటీన్లో సారును పట్టుకుంది. "నాకోసరమే ఔనన్నారు కదా సార్?"

"నీకోసరమా? కలగన్నావా? నాకు అట్లే అనిపించింది, చెప్పినా."

ఎస్తేరు ఒక్క క్షణం ఆలోచించింది.

"అంతేలే సార్. నామీద మీకు అంత అభిమానం యాడుంటాది?"

"ఎవరు చెప్పినారు లేదని?" అని కసురుకున్నాడు సారు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.