కడ్డీ దిగదు

సైకిల్ అంగళ్ళవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కొనే మనిషి మొహం చూస్తారు, చొక్కా చూస్తారు. కాళ్ళు మాత్రం చూడరు.

మాది పులివెందుల. ఊరికి మూడు మైళ్ళ దూరంలో చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. రోజూ మోటారు సైకిల్ మీద పోయేవాణ్ణి. ఒకనాడు దారిలో బర్రె వచ్చి నా బండికి తగిలింది. నేనే బర్రెను గుద్దానని నా కొడుకు తాళం లాక్కున్నాడు. సరే, గుద్దాను. అది పక్కకు జరుగుతుందనుకున్నాను. అప్పటినుంచి తోటకు పోవాలంటే వాడి వెనక సీటే గతి. వాడికి తీరినప్పుడు పోవాలి, వాడు హారన్ కొడితే రావాలి. కూలీలతో రెండు మాటలు మాట్లాడేలోగా హారన్ కొట్టేవాడు. నా తోటకు నేనే మూటలాగా పోయి మూటలాగా వచ్చేవాణ్ణి.

"కావాలంటే సైకిల్ తొక్కుకో నాయనా," అన్నాడు ఒకరోజు, నాతో ఏమవుతుందిలే అన్న ధీమాతో. ఆ ధీమా చూసే నాకు పట్టుదల వచ్చింది.

మా బామ్మర్ది జమ్మలమడుగులో ఉంటాడు. ప్రొద్దుటూరులో అతనికి తెలిసిన సైకిల్ అంగడి ఉంది. నాకొక సైకిల్ చూడమంటే, అక్కడికి పోయి ఫోన్ చేశాడు.

"బావా, నీ ఎత్తెంత అని అడుగుతాండాడు అంగడాయన."

"ఐదడుగుల ఆరంగుళాలని చెప్పు."

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. "పెండ్లిచూపుల్లో మా నాయనకు చెప్పిన ఎత్తేనా?" అంది. ఒకరు ఫోన్ మాట్లాడుతుంటే నడుమ దూరకూడదని చెప్పాను.

టమాటా వ్యానులో సైకిల్ వచ్చి దిగింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఎనుబోతు మాదిరి. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య కడ్డీ దాదాపు నా నడుం దాకా ఉంది. అరుగు మీద నుంచి ఎక్కి వీధి చివరిదాకా గాలిలాగా పోయాను. నాలుగిళ్ళు దాటాను. రెండిళ్ళు. ఆగుదామంటే కాలు నేలకు అందలేదు. వచ్చి కడ్డీ మీద పడ్డాను. ఎక్కడ తగిలిందో రాయను గాని, కొన్నాళ్ళు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాను. కొడుకు బండి తీసి హారన్ కొట్టాడు, అంతే.

చూసినవాళ్ళంతా ఒకటే మాట, సీటు దించుకోమని. సీటు పూర్తిగా దించే ఉంది! సీటు దిగుతుంది, కడ్డీ దిగదు. ఇది తెలియడానికి ఎంత చదువు కావాలి?

అదే వ్యానులో సైకిలేసుకొని ప్రొద్దుటూరు పోయాను. బామ్మర్ది కూడా వచ్చాడు. అంగడాయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే, "సీటు దించుకోండి మామా, సరిపోతాది," అన్నాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. సైకిల్‌ను కాళ్ళ మధ్య పెట్టుకొని నడిబజార్లో మునివేళ్ళ మీద నిలబడ్డాను.

"సీటు సంగతి కాదప్పా! ఈ కడ్డీని యాడికి దించాల? యాడ తగుల్తాందో నువ్వే చూడు!"

బజారు బజారంతా గుమిగూడింది. ఇద్దరు వచ్చారు. అందులో ఒకాయన టీ కోసం వచ్చాడు.

"మీ అట్లాంటి పెద్దమనుషులకు పెద్ద సైజే ఇస్తాం మామా. చిన్నదిస్తే ఏం మర్యాద?"

"పడేటప్పుడు మర్యాద వచ్చి పట్టుకుంటాదా?"

"అయినా ఐదూ ఆరని మీరే చెప్పిస్తిరి గదా?"

బామ్మర్ది గోడవైపు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి.

"ఐదూ రెండు," అన్నాను.

"చెప్పుల్తోనా బావా?"

"చెప్పుల్తోనే. నోరు మూసుకో."

ఒప్పుకున్నంత మాత్రాన కోపం తగ్గిందనుకోవద్దు. అసలు ఎత్తు అడగడమే తప్పు. ఒకే ఎత్తు మనుషుల్లో ఒకడికి కాళ్ళు పొడుగు, ఇంకొకడికి నడుం పొడుగు. మనిషిని కడ్డీకి అటొక కాలూ ఇటొక కాలూ వేయించి నిలబెడితే తేలిపోయే పని. ఆ మాటే అరిచి చెప్పాను. అప్పుడు లేచాడు అంగడాయన. లోపలి నుంచి ఒక సైకిల్ తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీదుగా కాలు వేసి నిలబడ్డాను. మడమలు నేలకు ఆనాయి. కడ్డీకీ నాకూ మధ్య రెండు వేళ్ళ సందుంది.

"ఇది హైస్కూలు పిల్లోళ్ళది మామా," అన్నాడు మెల్లగా. కడ్డీ మీద మంటల బొమ్మ అతికించి ఉంది.

"ఆ మంటలు పీకెయ్," అన్నాను. సగమే ఊడాయి.

మరునాడు కొడుకు లేవకముందే బయలుదేరి, మూడు మైళ్ళూ ఒక్క బిగిన తొక్కేశాను. దారిలో దిగి ఊపిరి పీల్చుకున్నాను, మిట్ట దగ్గర నడిపించాను. తోట గేటు ముందు బ్రేకు వేస్తే రెండు కాళ్ళూ నేలకు ఆనాయి.

పక్క తోటాయన గట్టు మీద నుంచి కేకేశాడు. "ఏంది మామా, మనవనిది ఎత్తుకొచ్చినావా?"

"నాదే! నీ కాళ్ళకు సరిపోదులే, పోయి పని చూసుకో."

లోపల చీనీ చెట్లకు ఆకుముడత తగిలి ఉంది. వెనక సీటు మీద వచ్చిపోయినన్నాళ్ళూ దగ్గరికి పోయి చూసే తీరికే ఇవ్వలేదు నా కొడుకు. చెట్టు చెట్టు దగ్గరా నిలబడి, ఆకులు తిప్పి చూస్తూ, వాణ్ణి తీరిగ్గా తిట్టుకున్నాను. ఎవరూ హారన్ కొట్టలేదు.