తుపాకి కన్నా ముందు ముసుగు

బుజ్జిగా, ఈ రోజు నీ చెల్లెతో మంచిర్యాల పోయి రంగు గుండ్ల తుపాకి కొన్నాను. పెయింట్‌బాల్ ఆటట. గుండు తగిలితే పగిలి ఒంటి మీద రంగు పడుతుందట. అది కాలేజీ జట్టులో చేరింది. మొదటి తుపాకి నువ్వే కొనిస్తానన్నావట కదా.

దుకాణంలో అది ఒక ఖరీదైన తుపాకి పట్టుకుని వదలలేదు. దానికే తెచ్చిన పైసలన్నీ అయిపోతాయి.

"అన్నా, మొకానికి పెట్టుకునేది ఏది?" అని దుకాణం ఆయన్ని అడిగాను.

"గా ముసుగు తర్వాత కొనుక్కుంటనే అమ్మా. అప్పటిదాక దోస్తులది పెట్టుకుంట" అంది నీ చెల్లె.

"మీ నాయిన ఎన్నడన్న టోపీ తర్వాత పెట్టుకుంటనని బొగ్గుబాయిల దిగిండా?"

దుకాణం ఆయన నవ్వాడు. "అక్క చెప్పిందే కరెక్టు బిడ్డా. కొత్తగ ఆడేటోళ్లకు ముసుగు మంచిదుండాలె, తుపాకి మామూలుది చాలు."

నీ చెల్లె ఆ ఖరీదైన తుపాకి కింద పెట్టేసింది. నువ్వు బండి మీద పోయి తిరిగి రాని రోజు, హెల్మెట్ మన గోడ మేకుకే ఉంది. దగ్గరికే కదా అన్నావు. నేనూ సరే అన్నాను.

మంచి ముసుగు, అగ్గువ ధర తుపాకి తీసుకున్నాం. బస్సులో నీ చెల్లె ముసుగు పెట్టుకునే కూర్చుంది. అందరూ నవ్వారు. చాలా రోజులకు నేనూ నవ్వాను.

నా బుజ్జిగానికి రాసే ఈ పోస్టులు చదివేవాళ్లూ, మీ పిల్లలు ఇట్లా మొండికేస్తే మీరేం చేస్తారో కింద రాయండి. పొద్దుగూకింది, అందరూ కడుపునిండా తినండి.