కొరమేను పులుసు వండనన్న ఆవిడ

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడది కొల్లేటి ఒడ్డున ఊరు. ఆ పూట వాళ్ల ఊరికి ఒక నాయకుడు భోజనానికి వస్తున్నాడట. ఊరికి ఏ పెద్దమనిషి వచ్చినా కొరమేను పులుసు ఈవిడ చేతిదే. ఈసారి మాత్రం ఇంటికి తాళం వేసి బస్సెక్కేసింది.

"అదేంటండీ! ఆయన మంచివాడంటారుగా," అన్నాను. వాదన పెట్టుకోవడం నాకు సరదా.

"మంచోడేనండి. తినేది ఎవరింట్లోననుకున్నారు? మా ఊళ్లో పెద్ద చేపల చెరువున్న ఆసామి ఇంట్లోనండి. సర్కారోళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కూల్చేసినప్పుడు మా చెరువు గట్టూ తెగిపోయింది. ఆ ఇంటాయన చెరువు నిక్షేపంగా ఉంది. ఆయన పక్కన కూర్చుని తినేవాడికి మా గోడు ఏం వినపడుద్దండీ?"

"నాయకుడన్నాక అందరిళ్లలోనూ తినాలి కదండీ?"

"ఇదివరకు వచ్చినప్పుడు మా వీధిలో మంచినీళ్లు కూడా తాగలేదండి."

ఇంతలో వెనక్కి వచ్చి వండమని ఆవిడ భర్త ఫోన్ చేశాడు. చెరువు పోయాక ఆయన పనిచేస్తున్నది ఆ ఇంటాయన దగ్గరేనట.

"ఏవండీ, నేను రాను. పని పోతే పోనీండి, ఇద్దరం కూలికెళ్దాం," అని ఫోన్ పెట్టేసి, ఉంగుటూరులో దిగిపోయింది.

ఇప్పుడు నా ముందు ఎవరైనా ఫలానా నాయకుడు దేవుడంటే, రాత్రి భోజనానికి ఆయన పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పమంటాను. అది చెప్పాకే మిగతా మాట.